యాభై అన్నదెవరు

పాతపట్నం,
22 జూన్ 2025, ఆదివారం

అక్కకి నమస్కారాలు.

నాలుగు రోజులుగా ముసురు. వాన పెద్దగా లేదు గాని ఎండ కూడా లేదు. చింతపండు బస్తాలకి చెమ్మ తగలకుండా చెక్కల మీదకి ఎక్కించడంతోనే ఈ ఉదయం గడిచిపోయింది. కూలీలు ఇద్దరే వచ్చారు, మిగతావాళ్ళు నారుమళ్ళకి పోయారు. మధ్యాహ్నం కొట్టు మూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అని నీ కోడలు సింధూరి అంటుందని తెలుసు. చెవిలో మిషను పెట్టుకుని ఫోనెత్తితే కీచుమంటుంది. తీసేస్తే నీ మాట ముద్దగా వినిపిస్తుంది. మనకి ఆకుల వ్యాను ఉంది కదా, శుక్రవారం పొద్దున్న ఇక్కడ ఎక్కిస్తే సాయంత్రానికి ఉత్తరం నీ చేతిలో ఉంటుంది.

ఈ వారం విస్తళ్ళకి అడ్డాకు ముప్పై కట్టలు. చిన్నతల్లి, ఆమెతో వెళ్ళే ఆడవాళ్ళు వానలో కూడా మానలేదు. తడి ఆకు విడిగా కట్టించాను, దించగానే ఆరబెట్టించు.

ఇక అసలు సంగతి. ఏనుగుమెట్ట కొండ మీద గెడ్డ నీళ్ళు జలపాతంలా దూకే చోటుకి ఇప్పుడు పర్లాకిమిడి నుంచి, శ్రీకాకుళం నుంచి కార్లు వస్తున్నాయి. ఆదివారం సాయంత్రానికి అక్కడంతా సీసాలూ, కాగితం ప్లేట్లూ. అందుకని అటవీ శాఖ వాళ్ళు కొండకి ప్రవేశ రుసుము పెడతారట. ఎంత పెట్టాలో చెప్పడానికి ఊరివాళ్ళు ఏడుగురితో సలహా సంఘం వేశారు. వ్యాపారుల తరఫున నన్ను తీసుకున్నారు. రేంజరు స్వయంగా కొట్టుకి వచ్చి అడిగింది. అనిత అని, గజపతినగరం అమ్మాయి, ముప్పై నిండి ఉండవు. నా పేరు చెక్క మీద రాయించి బల్ల మీద పెడతారట.

ఇది విని మీ మరదలు ఏమందో తెలుసా? "ఇంట్లో కూరేటి వండాలని సలహా అడిగితే నోరు విప్పరు. కొండకి సెప్తారేటి?" అంది. నువ్వైనా సంతోషిస్తావని రాస్తున్నాను.

బావకి నమస్కారాలు.

తమ్ముడు
భీమశంకరరావు
(సభ్యుడు)

*

రాజాం,
29 జూన్ 2025

సలహా సంఘం సభ్యులు శ్రీ భీమశంకరరావు గారికి అక్క కమల ఆశీస్సులు.

బ్రాకెట్లో సభ్యుడు అని రాసుకున్నది చూసి మీ బావ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. "మనం కూడా లేచి నిలబడి చదవాలేమో," అన్నారు. పేరు రాసిన చెక్క మీటింగు అయ్యాక ఇంటికి తెచ్చుకోనిస్తారా? తెస్తే గుమ్మానికి కొట్టించుకో. కరెంటు బిల్లు ఇచ్చేవాడికి పనికొస్తుంది.

ఇక్కడ వాన లేదు, ఉక్క. విస్తళ్ళ మిషను దగ్గర కూర్చుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే ఉంది. తడి ఆకు మేడ మీద పరిచాం. నాలుగు కట్టలు నల్లబడ్డాయి, మిగతాది బాగుంది. శ్రావణంలో పెళ్ళిళ్ళకి ఇప్పటికే పదకొండు ఇళ్ళకి మాట ఇచ్చాను. శ్రావణం దాటే వరకు వ్యాను ఒక్క వారం కూడా ఆగకూడదు.

సరదా పక్కన పెట్టి ఒక్క మాట. ఏనుగుమెట్టకి ఉన్నది ఒకటే కాలిబాట. కార్లవాళ్ళు పైకి వెళ్ళేదీ అదే, చిన్నతల్లి ఆకు కోతకి వెళ్ళేదీ అదే. బాట మొదట్లో గేటు పెడితే ఆమె కూడా టికెట్టు కొనాల్సి వస్తుంది. ఆమె, ఆమెతో ఏడుగురు, రోజూ. నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చున్నందుకు ఈ ఒక్క పనీ చెయ్యి: ఆకు కోసేవాళ్ళకి టికెట్టు లేదని రాయించు. కార్లవాళ్ళకి ఎంత పెట్టుకుంటారో మీ ఇష్టం.

చిన్నతల్లి మనకి ఇరవై ఏళ్ళుగా ఆకు ఇస్తోంది. నీకు చెప్పక్కర్లేదు గాని చెప్పాను.

మరదలికి నా మాటగా చెప్పు: బీరకాయ వండమని సలహా.

కమల

*

పాతపట్నం,
20 జూలై 2025

అక్కకి నమస్కారాలు.

వానలు బాగా పడ్డాయి. మహేంద్రతనయ ఎర్రగా పారుతోంది. ఊడుపులు సగం అయ్యాయి. కొట్లో బేరాలు తక్కువ, ఈగలు ఎక్కువ.

మొన్న బుధవారం మొదటి మీటింగు అయింది. రేంజి ఆఫీసులో పెద్ద గది, ఫ్యాన్లు మూడూ తిరుగుతున్నాయి. నా పేరు చెక్క మీద తెలుగులోనే రాశారు, ఒత్తులు కూడా సరిగ్గానే ఉన్నాయి. జగన్నాధం మాస్టారు నాకు కుడి పక్క. ఆయన రిటైరై పదేళ్ళయింది, అయినా హాజరు పలికినట్టే మాట్లాడతారు. ఎడమ పక్క పొదుపు సంఘం దుర్గాభవాని. టీతో పాటు రెండు రకాల బిస్కెట్లు ఇచ్చారు. ఒకటి ఉప్పగా ఉండేది, ఒకటి మధ్యలో క్రీము ఉండేది. మాస్టారు క్రీముది తీసుకుని ఉప్పది నా వైపు జరిపారు.

ఎదర మైకు కూడా ఉంది. ఏడుగురికి మైకెందుకో నాకు తెలియలేదు గాని, నా చెవికి మంచిదే.

పేపరువాళ్ళు ఫొటో తీశారు. నా ముఖం మైకు వెనక పడింది. చెక్క మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. కటింగు పెడుతున్నాను.

రుసుము మనిషికి యాభై రూపాయలని ఖాయమైంది. రేపటి నుంచి వసూలు. గేటు కాలిబాట మొదట్లోనే. ఆఫీసుల పద్ధతి అలాగే ఉంటుంది, మనమేం చేస్తాం. చిన్నతల్లి సంగతి ఎత్తుదామనుకున్నాను గాని అంతలో వందన సమర్పణ అయిపోయింది.

పోయిన శుక్రవారం పంపిన ఆకు ఇరవై ఆరు కట్టలు.

శంకరం

*

రాజాం,
27 జూలై 2025

ఒరే శంకరం,

బిస్కెట్ల గురించి పది లైన్లు, చిన్నతల్లి గురించి ఒకటిన్నర. అది కూడా చివర్లో.

యాభై ఏమిట్రా? ఇక్కడ సినిమా హాల్లో నేల టికెట్టు కూడా అంత ఉండేది కాదు. ఆకు కోసే మనిషి రోజూ యాభై గేటుకి ఇచ్చి ఏం మిగుల్చుకుంటుంది? ఈ శుక్రవారం వ్యానులో పన్నెండు కట్టలే వచ్చాయి. డ్రైవరుని అడిగితే, "అమ్మా, ఆలు కొండెక్కడం నేదు. గేటుకాడ కూకుని తిడతన్నారు. బాబుగోరు కొట్లో ఉన్నారు గాని తల పైకెత్తలేదు," అన్నాడు. నువ్వు తల ఎందుకు ఎత్తలేదో నాకు అర్థం కాలేదు.

ఆ రేంజరమ్మాయి ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని నోటికొచ్చిన అంకె వేసి ఉంటుంది. నువ్వు పది అని ఉంటావు, నాకు తెలుసు. నాన్న దగ్గర బేరం నేర్చుకున్నవాడివి, అంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ చెప్పి ఉండవు. ఏడుగురిలో ఒక్కడి మాట ఎవరు వింటారు? నువ్వేం బాధపడకు. సభ్యుడివి కనక పైకి ఏమీ అనలేవు. నేను సభ్యురాలిని కాను, అనగలను.

మా వీధి ఆడవాళ్ళందరం ప్రతి కార్తీకంలోనూ ఏనుగుమెట్ట మీదకే వనభోజనాలకి వస్తాం కదా. మేమూ కొండ ఎక్కేవాళ్ళమే. కాబట్టి మా తరఫున రేంజరుకి ఒక అర్జీ పెడతాం. నేను రాస్తాను, సింధూరి టైపు చేయిస్తుంది. నీ పేరు ఎక్కడా రానివ్వను.

కటింగులో నిన్ను వెతికి మీ బావ అలిసిపోయారు. "మైకు మీ తమ్ముడి పోలికే," అన్నారు.

అక్క

*

పాతపట్నం,
4 ఆగస్టు 2025, సోమవారం

అక్కకి నమస్కారాలు.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. వ్యాను లేదు, ఆకు లేదు. పోస్టులో నాలుగు రోజులు పడుతుందట. అంతవరకు ఆ అర్జీ పంపకు. ముందు ఇది చదువు.

వాన మొన్న తెరిపి ఇచ్చింది. గేటుకి డబ్బివ్వలేక చిన్నతల్లి కొండ వెనక వైపు రాళ్ళ మీదుగా ఎక్కింది. పాచి మీద జారి కుడి మడమ బెణికింది. ఎముక విరగలేదన్నారు. కట్టు కట్టారు. మూడు వారాలు కాలు కింద పెట్టకూడదట. చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని చింతపిక్కలు వలుస్తోంది. నన్ను చూసి, "రా బాబూ, కూకో. ఇక్కడ టికెట్టు నేదు," అంది. పక్కన రాణి ఉంది, కలిసి ఆకుకి వెళ్ళే మనిషి. ఆమె మాత్రం, "యాబై అన్నదెవులో ఆడి మడమ ఇరగాలి," అంది.

ఇప్పుడు చెప్తాను. యాభై అన్నది నేనే.

ఎలా జరిగిందో రాస్తాను. రేంజరు లేచి, "రుసుము ఎంత ఉంటే బాగుంటుందో మీరే చెప్పండి, అనుభవం ఉన్నవారు భీమశంకరరావు గారు మొదలుపెట్టండి," అంది. ఎవరైనా ధర అడిగితే మొదటి మాటే అసలు ధర చెప్తామా? ఇరవై దగ్గర తేలితే చాలని నా మనసులో ఉంది. ఇరవై దగ్గర తేలాలంటే యాభై అనాలి. నేను యాభై అంటాను, మాస్టారు పది అంటారు, దుర్గాభవాని పదిహేను అంటుంది, అరగంట కొట్లాడుకుని ఇరవై దగ్గర ఆగుతాం, మధ్యలో చిన్నతల్లి మాట కలిపేసి కొసరుగా అడుగుతాను. ఇదీ నా లెక్క. మామూలుగా అయితే తువ్వాలు కింద చెయ్యి పట్టుకుని గుట్టుగా తేల్చే బేరం. అక్కడ మైకు పెట్టారు. మైకులో యాభై అన్నాను.

మాస్టారి వైపు చూశాను. ఆయన, "వ్యాపారంలో తల పండినవారు, వారి మాటే నా మాట," అన్నారు. దుర్గాభవాని తలూపింది. మిగిలిన నలుగురూ టీ తాగుతున్నారు. రేంజరు రాసేసుకుంది. "ఏకగ్రీవం, ధన్యవాదాలు," అంది. ఎదురు ఒక్క మాట అడగలేదు అక్కా. నా నలభై ఏళ్ళ కొట్లో చెప్పిన ధరకి చెప్పినట్టు ఒప్పుకున్న మనిషిని చూడలేదు. నేను తగ్గిద్దామన్నా తగ్గించమని అడిగేవాళ్ళు లేరు.

తరవాత తెలిసింది, ఆ అమ్మాయి వాళ్ళ నాన్న బడిపంతులట. ఏ కొట్లో ఎంత చెప్తే అంత ఇచ్చి వచ్చేసే ఇల్లయి ఉంటుంది.

మీ మరదలికి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. అర్జీ పంపకు.

శంకరం

*

రాజాం,
6 ఆగస్టు 2025

తమ్ముడు శంకరానికి,

మొన్న శుక్రవారం వ్యాను రాలేదు, నీ ఉత్తరం లేదు. అలిగావా? అలిగితే నీ ఇష్టం. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం, పిండి జల్లించుకుంటూ రాస్తున్నాను. ఉత్తరానికి పిండి అంటితే దులుపుకో.

అర్జీ రెండో తేదీనే రిజిస్టరు పోస్టులో పంపించాం. నలభై మూడు సంతకాలు. సింధూరి అటు ఇటు కత్తిరిద్దామంది గాని నేను ఒప్పుకోలేదు. అసలు కాగితం నా దగ్గర ఉంది. నీ సరదా కోసం ఒక ముక్క రాస్తాను:

"ఈ యాభై రూపాయల ధర చెప్పిన మనిషి ఎవరో మాకు తెలియదు. ఆయన ఈ మధ్య కాలంలో కొండ ఎక్కి ఉండరు. గల్లాపెట్టె దగ్గర మెత్త మీద కూర్చుని, మధ్యాహ్నం కునుకు తీసి, సాయంత్రం పకోడీ తిని, అదే కష్టమనుకునే మనిషి అయి ఉండాలి. ఆయన చేత ఒక్కసారి ఆకు మోపు ఎత్తించి కొండ దింపించి, అప్పుడు ధర అడగవలసిందిగా కోరుతున్నాము."

ఎలా ఉంది? మెత్త మాట మీ బావది. ఆఫీసరుకి తగలాలని రాశాం. ఇది చదివాక ఆ అమ్మాయి ముఖం చూడాలని ఉంది. నువ్వు సభ్యుడివి కదా, నువ్వైనా చూసి చెప్పు.

శ్రావణం ఆర్డర్లకి ఆకు నరసన్నపేట నుంచి తెప్పించాను. చిల్లులు. మూడు ఇళ్ళవాళ్ళు కాగితం ప్లేట్లు పెట్టుకున్నారు.

చిన్నతల్లి ఏం చేస్తోంది? ఆ ముక్క రాయి ముందు.

కమల

*

పాతపట్నం,
17 ఆగస్టు 2025

అక్కకి,

వాన లేదు. ఎండ బాగా కాసింది. మిరపకాయలు ఎండబెట్టించాను. మీ మరదలు నాతో మాట్లాడ్డం లేదు, కారణం కింద ఉంది.

పదమూడో తేదీన మీటింగు. రేంజరు ఫైలు తీసి, "రాజాం నుంచి ఒక అర్జీ వచ్చింది. సందర్శకుల అభిప్రాయం కాబట్టి సంఘం ముందు చదవాలి. గొంతు బాగుంటుంది, భీమశంకరరావు గారు చదువుతారా?" అంది. మైకు నా వైపు తిప్పారు.

కింద మొదటి సంతకం నీది. చూసేసరికి ఆలస్యమైపోయింది. నీ ఆరో తేదీ ఉత్తరం నాకు మీటింగు అయిన మర్నాడు గాని అందలేదు.

చదివాను. "గల్లాపెట్టె దగ్గర మెత్త మీద" దగ్గర ఆగాను. నీళ్ళిచ్చారు. తాగి మళ్ళీ చదివాను. పకోడీ దగ్గర దుర్గాభవాని కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు మాత్రం, "భాష బాగుంది. ఎవరో చదువుకున్నవారు," అన్నారు. చివరన రేంజరు, "ఈ కమలాదేవి గారు ఎవరో మీకు తెలుసా? మీరు ఆకు పంపేది రాజామే కదా?" అని అడిగింది. "మా అక్క," అన్నాను.

అప్పుడు లేచి చెప్పేశాను. ఎందుకు యాభై అన్నానో, ఎక్కడ తేలుతుందనుకున్నానో అంతా. రేంజరు కలం కింద పెట్టింది. "అంటే మీరు చెప్పింది మీ అభిప్రాయం కాదా? నేను మీ అభిప్రాయమనే రాసుకున్నాను," అంది. కోపం లేదు, నిజంగానే అడిగింది. "ఇంట్లో మేం కూరగాయలు కూడా అడిగిన ధరకే కొంటాం సార్," అంది. నా లెక్క తప్పలేదు చూశావా.

సంగతేమిటంటే, ఒకసారి రాసిన రుసుము ఏడాది దాకా మార్చకూడదట. సందర్శకుల నుంచి రాతపూర్వకంగా అభ్యంతరం వస్తేనే తిరిగి చర్చించవచ్చట. ఆ అభ్యంతరం నీ అర్జీయే. ముప్పై సంతకాలున్నా సరిపోయేదట, మీవి నలభై మూడు. సెప్టెంబరు పదకొండున చర్చ. అర్జీ పెట్టినవాళ్ళ తరఫున ఒక మనిషి వచ్చి మాట్లాడవచ్చు. నువ్వే వస్తావని నాకు భయంగా ఉంది.

దుర్గాభవాని ఇంటికెళ్ళే దారిలో మా గుమ్మం ముందు ఆగి మీ మరదలికి అంతా చెప్పింది. పకోడీలు ఆగిపోయాయి.

చిన్నతల్లి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మడమ వాపు తగ్గింది. గేటు అక్కడే ఉంది.

శంకరం

*

రాజాం,
22 ఆగస్టు 2025, శుక్రవారం

ఒరే తమ్ముడూ,

నీ నాలుగో తేదీ ఉత్తరం ఎనిమిదిన వచ్చింది, సరిగ్గా వ్రతం పీట ముందు కూర్చోబోతుంటే. చదివి నేను పీట మీద నవ్వు ఆపుకోలేకపోయాను. పేరంటాళ్ళు ఏమనుకున్నారో. మీ బావకి నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నవ్వు ఆగాక జవాబు రాద్దామని ఊరుకున్నాను. ఈలోగా నువ్వే చదివావన్న ఉత్తరం వచ్చింది. మళ్ళీ అదే నవ్వు.

ఆఫీసరుని తిట్టాననుకుంటే నిన్ను తిట్టాను. ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. అన్నీ నీకు సరిపోయాయి.

ఇప్పుడు నవ్వు కాదు. నీ తప్పు యాభై అనడం కాదురా. అమ్మేవాడు ఎక్కువ చెప్తాడు, కొనేవాడు తక్కువ చెప్తాడు. నువ్వు ఆ బల్ల దగ్గర కొండ ఎక్కేవాళ్ళ తరఫున కూర్చున్నావు. కొనేవాడివి. నలభై ఏళ్ళు గల్లాపెట్టె వెనకే కూర్చున్నావు కనక ఎక్కడ కూర్చున్నా అమ్మేవాడిననే అనుకుంటావు.

కొనేవాడి దగ్గర ఒకటే ఆయుధం ఉంటుంది: లేచి వెళ్ళిపోవడం. అమ్మ ఇత్తడి బిందె బేరం గుర్తుందా? సంతలో వాడు ధర దిగలేదు. అమ్మ లేచి నా చెయ్యి పట్టుకుని నడిచింది. వాడు పిలవబోతున్నాడు, నోరు తెరిచాడు కూడా. ఆరేళ్ళవాడివి, నువ్వు వెనక్కి పరిగెత్తి బిందె పక్కన చతికిలబడి ఏడ్చావు. వాడు నోరు మూసుకున్నాడు. అమ్మ వాడు చెప్పిందంతా ఇచ్చింది. ఇప్పుడూ అంతే, చెక్క మీద పేరు చూసుకుని చతికిలబడ్డావు.

నేను రాను. నాకు మోకాళ్ళ నొప్పులు, పైగా నేను నోరు తెరిస్తే ఆగను. నలభై మూడు మంది తరఫున చిన్నతల్లి మాట్లాడుతుందని ఒక కాగితం రాసి దీంతో పెడుతున్నాను. సంతకాలు మళ్ళీ తీసుకున్నాం. రేంజరుకి ఇయ్యి. ఆమె బల్ల దగ్గర కుర్చీలో కూర్చోవాలి, గుమ్మం దగ్గర కాదు. ఉప్పు బిస్కెట్టు కాదు, క్రీముది పెట్టించు.

నువ్వు మాత్రం అంకె చెప్పకు. ఏ అంకె కూడా.

కార్తీకానికి ఇంకా రెండు నెలలుంది. ఆ ముహూర్తాలకి ఎవరికీ ఇంకా మాట ఇవ్వలేదు. చిన్నతల్లి కొండ ఎక్కితే ఇస్తాను, లేకపోతే మిషనుకి గుడ్డ కప్పేస్తాను.

అక్క

*

పాతపట్నం,
13 సెప్టెంబరు 2025, శనివారం

అక్కకి నమస్కారాలు.

నిన్న సాయంత్రం ఒక జల్లు పడింది. ఈ రోజు పొడిగా ఉంది. వరి చేలు పచ్చగా ఉన్నాయి. బెల్లం దిమ్మలు వచ్చాయి, దించుకున్నాం. మీ మరదలు ఈ ఉదయం, "కాఫీ తాగుతారా?" అని అడిగింది.

గురువారం మీటింగు పదిన్నరకి. చిన్నతల్లిని ఆటోలో తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె పేరు చెక్క లేకపోతే రేంజరు అప్పటికప్పుడు అట్టముక్క మీద రాసి పెట్టింది. చిన్నతల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా పేరు ఇంతేనా?" అంది. క్రీము బిస్కెట్టు తినలేదు, మనవరాలికని కొంగున కట్టుకుంది. మాస్టారు ఆ రోజు ఉప్పదే తీసుకున్నారు.

రేంజరు మంచి మనసుతోనే వచ్చింది. రుసుము ఇరవై చేద్దామంది. ఆకు కోసేవాళ్ళకి నెలకి నూరు రూపాయల పాసు, ఫొటోతో, అంది. మాస్టారు బాగుందన్నారు. నాకూ బాగానే ఉందనిపించింది. పాసుకి డెబ్బై అందామా అని నోటి దాకా వచ్చింది. నీ మాట గుర్తొచ్చి నీళ్ళు తాగాను.

చిన్నతల్లిని అడిగారు. ఆమె అంది: "అమ్మా, వానొత్తే ఎక్కం. జొరమొత్తే ఎక్కం. మీ పాసు ఆ దినాలకీ డబ్బులడుగుతాది. గెడ్డ సూడ్డానికొచ్చినోలు ఒక్క దినం వచ్చి ఎల్లిపోతారు, ఆలకి టికెట్టు సీటీ సరే. నాను సూడ్డానికి ఎల్లట్లేదు. నాకా గెడ్డ మొకం సూసే తీరికేటి ఉన్నాది?"

రేంజరు, "గేటు దాటితే ఏదో ఒకటి ఉండాలమ్మా, నియమం," అంది.

"అయితే మీ గేటు మీరుంచుకోండి. నాకు పనున్నాది, ఎల్తాను," అని చిన్నతల్లి కర్ర తీసుకుని లేచింది.

ఆమె కర్ర చప్పుడు వరండా దాటే వరకు వినిపించింది. మైకు ఉంది కదా, అందులోనూ వినిపించింది. తరవాత నేను లేచాను. మిగతాది తా.క.లో రాస్తాను, నువ్వు ఎలాగూ అడుగుతావు.

ఐదుగురు సభ్యులు లేకపోతే ఆ మీటింగు చెల్లదు. లేచి వచ్చినవాళ్ళం అందరం బయట టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. పావుగంట తరవాత రేంజరు తనే వచ్చింది, ఫైలు లేకుండా. బల్ల చివర కూర్చుని, "నాకు ఈ లేచి వెళ్ళడాలు తెలీవు. ఏం చేస్తే కుదురుతుందో చెప్పండి, అదే రాసుకుంటాను. ఈసారి నిజంగా అనుకున్నదే చెప్పండి," అంది. నేను నోరు తెరిచాను. చిన్నతల్లి కర్ర నా మోకాలికి ఆనించి, "సావుకారు బాబూ, నువ్వు సెప్పకు," అంది.

ఆమే చెప్పింది. కాలిబాట సగం దూరం పోయాక రెండుగా చీలుతుంది. ఎడమది గెడ్డకి, కుడిది ఆకు అడవికి. గేటు మొదట్లో ఎందుకు, చీలిక దాటాక గెడ్డ మెట్ల దగ్గర పెట్టండి, అంది. రేంజరు, "ఇది నాకెవరూ చెప్పలేదే," అంది. ఏడుగురం రెండు మీటింగుల్లో చెప్పలేదు. నేను ఆ చీలిక చూసి ముప్పై ఏళ్ళయింది. నీ అర్జీలో ఆ ముక్క నిజమే.

గెడ్డకి వెళ్ళేవాళ్ళకి ఇరవై, పిల్లలకి లేదు. కుడి బాటకి ఏమీ లేదు. సంతకాలయ్యాయి. గేటు నిన్న మధ్యాహ్నం ఊడదీసి పైకి మోసుకెళ్ళారు.

కార్తీకం ముహూర్తాలకి మాట ఇచ్చుకో. వ్యాను శుక్రవారం వస్తుంది. మీ నలభై మూడు మందికీ వనభోజనాలకి ఇరవయ్యే, నేను తగ్గించలేను.

తమ్ముడు
శంకరం

తా.క. ఎవరు ముందు లేచారన్నది: చిన్నతల్లి పదకొండూ పదికి లేచింది. నేను పదకొండుంపావుకి. ఆ ఐదు నిమిషాలూ ఏం చేశావని అడగకు. దుర్గాభవాని నా వెనకే. మాస్టారు టీ పూర్తిచేసి పదకొండూ ఇరవైకి. పేర్ల చెక్కలు బల్ల మీదే ఉండిపోయాయి.

ఈ రోజు ఉదయం ఐదూ నలభైకి చిన్నతల్లి, రాణి కొండకి వెళ్ళారు.